ఆరు ఆదివారాలు, ఆరు మంచి కార్డులు

జూన్ 24, 1956, ఆదివారం. పొద్దున 7 గంటలు.

ఈ డైరీ మా కొడుకు కొమురయ్య తెచ్చింది. పోయిన దీపావళికి సెలవు మీద వచ్చినప్పుడు నేవీ క్యాంటీన్ నుంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇన్నాళ్ళూ దీనిలో సొరవిత్తుల పొట్లాలు దాచాను. ఈ రోజు విత్తులు తీసి పెన్ను పట్టాను.

శుక్రవారం వాడి ఉత్తరం వచ్చింది. వాడు కొచ్చిన్‌లో ఓడ మీద పని చేస్తాడు. చెవులకు మిషన్ తగిలించుకుని, నీళ్ళ కింద సబ్‌మెరీన్ ఎక్కడుందో చప్పుడును బట్టి చెప్పాలి. అటువంటి మునిగే ఓడ మన దేశానికి ఇంకా లేదట. ఇంగ్లీషు వాళ్ళది ఒకటి ఆగస్టులో సిలోన్‌కు వస్తుందట. మనవాళ్ళను ఎనిమిది మందిని ఎంచి, వారం రోజులు దానిలో నీళ్ళ కిందికి తీసుకుపోతారట. ఆగస్టు అయిదున పేర్లు చెబుతారు.

వాడు రాసిన ముఖ్యమైన మాట ఇది: "ఇంటి బెంగ ఉన్నోన్ని కిందికి పంపరు నాయినా. ఇంటి నుంచి కష్టాలు రాయొద్దని చెప్పుమని ఆఫీసరే అన్నడు."

వాళ్ళమ్మ శివమ్మకు చదివి వినిపించాను.

"ఓడ అంటే తేలాలె గద. మునిగేదాంట్ల కూసునుడేంది?"

"మునిగి మళ్ళ తేలుతదే."

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

ఉత్తరం మడిచి పెట్టాను.

నిర్ణయం. ఈ రోజు మొదలుకొని ఆరు ఆదివారాలు, ఆరు కార్డులు. అన్నీ మంచి మాటలే. రాయకూడనివి:

1. వాన.
2. దాపటి ఎద్దు కాలు.
3. నా మోకాలు.
4. శివమ్మతో తగువులు.

రెండేళ్ళుగా నేను రాసిన కార్డులన్నీ "ఏం చెప్పమంటవు బిడ్డా" అనే మాటతోనే మొదలయ్యాయి. ఆ తరువాత పై నాలుగూ వరుసగా వచ్చేవి. పంట బాగుందని చెప్పుకునే అలవాటు మా వంశంలో లేదు. గాదె నిండి ఒలికిపోతున్నా, ఎవరైనా అడిగితే మా నాయన "ఏదో గింత" అనేవాడు. దిష్టి భయం ఒకటి, శిస్తు రాసే పట్వారీ భయం ఒకటి.

ఈ రోజు రాసింది: "వాన బాగుంది. ఎద్దు బాగుంది. నేను బాగున్నాను." కార్డులో సగం ఖాళీ! చివర శివమ్మ ఎప్పటిలాగే తన మాట చెప్పి రాయించింది: "నెత్తికి నూనె పెట్టుకో." ఆ మాట లేకుండా ఆమె ఏ కార్డునూ పోనివ్వదు.

చాలా తేలిక పని. ఇంకా అయిదు.

జూలై 1, ఆదివారం. 10 గంటలు.

వాన లేదు.

రెండు గంటలు కూర్చున్నాను. మంచి మాటలన్నీ పోయిన కార్డులోనే అయిపోయాయి.

"సొరకాయ కాసిందని రాయి" అన్నది శివమ్మ.

"ఇంకా పూతనే గదనే."

"కార్డు కొచ్చిన్ పోయేసరికి కాస్తది తియ్."

న్యాయమే. రాశాను. కాయ మూరెడు పొడుగు ఉందని కూడా చేర్చాను. అబద్ధం కాదు, ముందుగా చెప్పడం.

జూలై 5, గురువారం.

ఎద్దు సాలు మధ్యలో కూర్చుంది. లేపితే లేవలేదు. నేనూ పక్కనే కూర్చున్నాను. నా మోకాలు కూడా లేవనిచ్చేటట్టు లేదు. శివమ్మ అంబలి తెచ్చి ఇద్దరినీ చూసి, ముంత ఎవరి ముందు పెట్టాలని అడిగింది.

రాయకూడదు. ఆదివారం కూడా కాదు.

జూలై 8, ఆదివారం.

మూడో కార్డు. "ఎద్దు గుర్రం లాగా ఉరుకుతోంది" అని రాశాను. ఎందుకు రాశానో తెలియదు. చేతికి అలవాటైపోయింది!

పటాన్‌చెరు నుంచి టపా తెచ్చే చాంద్ పాషాకు కార్డు ఇచ్చాను. మూసి ఉన్నది కాదు కాబట్టి కార్డు చదవడం తప్పు కాదని అతని అభిప్రాయం. సైకిల్ మీద ఒక కాలు ఆనించి అక్కడే చదివాడు.

"మొగులన్నా, నువ్వు ఏ ఊర్ల ఉంటున్నవే?"

"రుద్రారంల. ఎందుకు?"

"గీ కార్డుల ఉన్న ఊరు అడుగుతున్న. వాన పడుతదట, సొరకాయ మూరెడట, ఎద్దు ఉరుకుతదట. జెర అడ్రస్ చెప్పు, పిల్లలను పట్టుకొని నేను గూడ ఒస్త."

కొడుకు సంగతి చెప్పాను. అతను నవ్వు ఆపుకున్నాడు. "అచ్ఛా. నీళ్ళ కింద వారం దినాలా? అయితే రాయన్నా, ఇంక రాయి. రెండో ఎద్దును గూడ ఉరికియ్యి" అన్నాడు.

జూలై 12, గురువారం. సాయంత్రం.

పోచయ్య వచ్చాడు. గట్టు పక్క చేను అతనిది. దుక్కికి ఎద్దు కావాలన్నాడు.

"అది నడుస్తలేదు పోచయ్యా."

"అబద్ధాలాడకు మామా. గుర్రం లెక్క ఉరుకుతుందని కొడుక్కు రాసినవట గద. కొడుక్కయితే ఒక తీరు, మాకయితే ఒక తీరా?"

దొడ్లోకి తీసుకుపోయి చూపించాను. ఎద్దు పడుకుని ఉంది. ఎవరికీ ఇవ్వకూడదని మందు పెట్టి పండబెట్టానని అనుకుంటూ పోయినట్టున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

జూలై 14, శనివారం.

పక్కింటి ఆలంబీ మేక మా పందిరి ఎక్కి సొర తీగను మొదలంటా తినేసింది. పిందె కూడా లేకుండా.

శివమ్మ కోపం మేక మీద కాదు, ఆలంబీ మీద కాదు. నా మీద.

"లేని కాయను ఉన్నదని రాసినవ్. ఉన్న తీగ పాయె. లేని వానను పడ్డదన్నవ్. ఆకాశంల మొగులు మొకం సుత కనబడుతలేదు. ఇగ నన్ను గురించి ఏం రాస్తవో, నేనేమైతనో!"

"సొరకాయ రాయుమన్నది నువ్వే గద" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

చీర మూట కట్టుకుని కందిలో ఉన్న తమ్ముడి ఇంటికి పోయింది. బస్సు కూడా వెంటనే దొరికింది.

జూలై 15, ఆదివారం.

నాలుగో కార్డు. ఇల్లు చిమ్మలేదు. నిన్నటి రొట్టె తిన్నాను. తగువు సంగతి రాయకూడదని నాలుగో నియమం. అందుకని ఇట్లా రాశాను: "మీ అమ్మకు ఇప్పుడు ఏ కష్టమూ లేదు. మా గురించి బెంగపడకు. నీ పని నువ్వు చూసుకో."

కార్డు మంచం మీద పెట్టి చేతులు కడుక్కుని వచ్చేసరికి మేక! ఆలంబీ వెనకాలే పరుగెత్తుకొచ్చి దాని చెవి పట్టి లాగింది.

"పీడా పాడుగాను, కాయితం గూడ వదుల్తలేదు! మొగులన్నా, ఏం అనుకోకు. కోనే గద పోయింది."

నిజమే, ఒక మూల మాత్రమే పోయింది. అడ్రసు బాగానే ఉంది. ఇంట్లో ఇంకో కార్డు లేదు. చాంద్ పాషా గంట వినిపించింది, ఇచ్చేశాను. తొందరలో ఉన్నాడు, చదవకుండానే సంచిలో వేసుకున్నాడు.

నాలుగు అయ్యాయి. ఇంకా రెండే!

జూలై 22, ఆదివారం.

కార్డు రాయలేదు. కారణాలు:

మోకాలు (కార్డు రాసేది చేతితోనే అయినా, కూర్చోవడానికి మోకాలు కావాలి).

మంచి మాట ఒక్కటి కూడా లేదు.

శివమ్మ ఇంకా రాలేదు. "నెత్తికి నూనె" అనే మాట ఆమె చెప్పకుండా నేను రాస్తే దొంగతనం లాగా ఉంటుంది. పోయిన వారం ఆ మాట లేకుండానే పోయిందని ఇప్పుడు గుర్తొచ్చింది.

పిండి అయిపోయింది.

జూలై 24, మంగళవారం. 11 గంటలు.

టెలిగ్రాం!

చాంద్ పాషా సైకిల్ దిగకముందే అరిచాడు. "మొగులన్నా, తార్ ఒచ్చింది! పోస్ట్‌మాస్టర్ సాబ్ చదివి చెప్పిండు. అమ్మ సంగతి నిజం చెప్పుమంటున్నడు నీ కొడుకు. సెలవు అడిగిండట. శుక్రవారం బయలెల్లుతడట."

నాకు ఏమీ అర్థం కాలేదు.

"ఆమెకు ఏమైందని?"

"నన్ను అడుగుతవేంది? మూల చింపి కార్డు పంపింది నువ్వు."

అప్పుడు తట్టింది. చావు కబురు కార్డుకే కదా మూల చింపేది. అటువంటి కార్డును మనం ఇంట్లోకి కూడా రానివ్వం. మేక చింపినా, మనిషి చింపినా చూసేవాడికి ఒకటే. దానికి తోడు అమ్మ చెప్పే నూనె మాట లేదు. అమ్మకు ఏ కష్టమూ లేదని నా దస్తూరీ ఉంది. నెల రోజుల నుంచి వానలు, ఉరికే ఎద్దులు! పుట్టినప్పటి నుంచి నా నోట మంచి మాట వినని కొడుకు ఇంకేమనుకుంటాడు?

"నువ్వు మూల చూడలేదా?" అన్నాను.

"పటాన్‌చెరుల సంచి ఒంపినంక చూసిన. దిల్ ధడేల్మన్నది. కానీ శివమ్మక్క కంది బస్టాండ్ల జామకాయ తినుకుంట కూసున్నదని డ్రైవర్ చెప్పిండు. సరే, బతికే ఉన్నది, మేకనో ఎలుకనో అనుకొని ముద్ర గొట్టిన."

శుక్రవారం వాడు బయలుదేరితే ఆ ఎనిమిదిలో వాడి పేరుండదు. బెంగ పెట్టవద్దని మొదలుపెట్టి, నేనే వాడిని ఒడ్డుకు లాగుతున్నాను.

అదే రోజు. సాయంత్రం 6 గంటలు.

బస్సులో కందికి పోయాను. తమ్ముడి వాకిట్లో శివమ్మ పెసర్లు చెరుగుతోంది. చెప్పాను. చాట కింద పడేసింది.

"నన్ను సంపితివా?"

"నేను కాదు, మేక."

"మేకకు రాయొస్తదా?"

అదే బస్సు తిరిగి వస్తుంటే ఎక్కి ఇద్దరం పటాన్‌చెరు పోయాం. దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. డ్రైవర్‌తో మాట్లాడింది, అది కూడా నా గురించే.

పోస్టాఫీసులో ఏం రాయాలో తేలలేదు. "అమ్మ బాగుంది" అని రాస్తే వాడు నమ్మడు. నెల రోజులుగా నేను రాసింది అదే. పోస్ట్‌మాస్టర్ కలం పట్టుకుని చూస్తున్నాడు.

శివమ్మ నన్ను పక్కకు జరిపింది. "రాయి సారూ" అని మొదలుపెట్టింది. వాన లేదన్నది. ఎద్దు కుంటుతున్నదన్నది. సొర తీగ, మేక, ఆలంబీ, పోచయ్య, నేను చిమ్మని ఇల్లు. ఆగలేదు.

"అమ్మా, గిది తార్. రామాయణం కాదు" అన్నాడు పోస్ట్‌మాస్టర్. కొట్టేసి, కొట్టేసి, చివరికి మిగిలింది ఇది. ఇంగ్లీషులోకి మార్చి, మాకు చదివి చెప్పాడు:

"వాన లేదు. ఎద్దు కుంటి. మూల మేక తిన్నది. మీ నాయిన అబద్ధాలకోరు. రాకు. నెత్తికి నూనె పెట్టుకో. అమ్మ."

చివరి రెండు మాటలూ తీసేయవచ్చన్నాడు పోస్ట్‌మాస్టర్. "అవే ఉండాలె. ముందటియి కావాల్నంటే తీసెయ్" అన్నది శివమ్మ.

ఇంటికి వచ్చింది. ముందు ఇల్లు చిమ్మింది.

జూలై 29, ఆదివారం.

నియమాలన్నీ రద్దు. "ఏం చెప్పమంటవు బిడ్డా" అని మొదలుపెట్టాను. వాన, ఎద్దు, మోకాలు, శివమ్మ, పోచయ్య కోపం. రెండు కార్డులు పట్టింది. ప్రాణం తేలికపడింది. మేకను ఆలంబీ చేత కట్టేయించి, ఎనిమిది మూలలూ లెక్కపెట్టి ఇచ్చాను.

ఆగస్టు 5, ఆదివారం.

ఈ రోజే పేర్లు చెప్పేది. కబురు లేదు. వాడు బయలుదేరాడో లేదో తెలియదు. బస్సు ఆగిన ప్రతిసారీ శివమ్మ వాకిట్లోకి వచ్చింది. నేను రాలేదు. కిటికీలోంచి చూశాను.

ఆగస్టు 13, సోమవారం. మధ్యాహ్నం.

మొన్నటి నుంచి వాన! కొమురయ్య ఉత్తరం తడిసి వచ్చింది.

తార్ అందిందట. ఆఫీసర్ చదివి నవ్వాడట. సెలవు కాగితం చింపేశారట. ఎనిమిదిలో వాడి పేరు అయిదోది. ఈ ఉత్తరం మాకు చేరేసరికి వాడు నీళ్ళ కింద ఉంటాడు. మిగతాది ఇది: "ఇక్కడ అన్నం బాగుంది. నిద్ర బాగుంది. సముద్రం బాగుంది. నాకు ఏ కష్టమూ లేదు."

శివమ్మ రెండోసారి చదివించుకుంది.

"అన్నం బాగున్నదన్నడా?"

"అన్నడు."

"నేను వండితేనే ఎన్నడు బాగున్నదనలే వాడు." ఉత్తరం వైపు వేలు చూపింది. "మూలలు చూడు."

చూశాను. నాలుగూ ఉన్నాయి. ఆమె కూడా తీసుకుని ఒక్కొక్కటీ వేలితో తడిమింది.

ఆగస్టు 19, ఆదివారం. పొద్దున 7 గంటలు.

నిర్ణయం. ఈ రోజు నుంచి మళ్ళీ మొదలు. ప్రతి ఆదివారం ఒక కార్డు, మంచి మాటలే. ఒక్క సవరణ: నమ్మడానికి కార్డుకు ఒక కష్టం ఉండాలి. ఒక్కటే. దానికి మించకూడదు.

మొదటి కార్డు: "ఏం చెప్పమంటవు బిడ్డా. వాన బాగా పడుతున్నది. ఇల్లు కురుస్తున్నది. మీ అమ్మ నెత్తికి నూనె పెట్టుకొమ్మంటున్నది. నువ్వు గూడ ఒక కష్టం రాయి. చిన్నదైనా సరే."