బొంత వేలం

ఎల్లారెడ్డి,
డిసెంబర్ 12, 2024.

ప్రియమైన రూత్ అక్కకు,

అనిల వందనాలు. నువ్వు, బావ, పిల్లలు కామారెడ్డిలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మేమిక్కడ బాగున్నాం. చలికి అవ్వ మోకాళ్ల నొప్పి కొంచెం ఎక్కువైంది. బాపు యాసంగి నారు పోశాడు. మా బడిలో క్రిస్మస్ నాటకం మొదలైంది. పిల్లలకు మాటలు నేర్పించే పని నాకిచ్చారు. నలుగురిలో నోరు తెరవని దానికి ఆ పనేమిటని నువ్వు నవ్వుతావని తెలుసు.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అనుకుంటావు. ఫోన్‌లో నువ్వు మాట్లాడతావు, నేను ఊ కొడతాను. కాన్వెంటు హాస్టల్ నాటి నుంచి మనకదే అలవాటు. సిస్టర్ నన్ను లేపి పద్యం చెప్పమన్నప్పుడు నా నోరు పెగలకపోతే, వెనక బెంచీలోంచి నువ్వే లేచి చెప్పేదానివి. అప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చేది. నా బదులు మాట్లాడేవాళ్లు ఒకరున్నారని ఇన్నేళ్లూ ధైర్యంగా బతికాను. అందుకే ఈసారి నువ్వు మధ్యలో ఆపలేని చోట రాస్తున్నాను.

కామారెడ్డి చర్చిలో కోత పండుగ నాటి సంగతి రాయాలి. ఈ ఉత్తరంలో ఆమె పేరు రాయను. నీకు తెలుసు, చాలు.

ముందుగా నీ మంచి రాస్తాను, లేకపోతే అన్యాయం. పూణెలో ఆ ఇంటి మీద పోలీసులు దాడి చేసి ఆమెను బయటికి తెచ్చాక, రైల్లో ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది నువ్వే. ఆమె సొంత మేనమామ మీద కేసు రాయడానికి స్టేషన్‌లో సాకులు చెప్తుంటే, రాసేదాకా అక్కడే కూర్చున్నది కూడా నువ్వే. అట్లా బయటికి తెచ్చిన పిల్లల గురించి మాలాంటి వాలంటీర్లకు నువ్వు చెప్పిన మొదటి పాఠం నా చెవుల్లో ఇంకా ఉంది. పేరు చెప్పొద్దు, ఊరు చెప్పొద్దు, ఫొటో తీయొద్దు. వాళ్ల కథ వాళ్లది, మనం చందా కోసం వాడుకునేది కాదు అన్నావు. నేను ఆ మాట విని నీ సంఘంలో చేరాను. కరపత్రాలు రాశాను. ఆదివారం మధ్యాహ్నాలు పిల్లలకు చదువు చెప్పాను. ఇంటింటికీ చందాలకు పోవడం మాత్రం నాకు చేతకాలేదు. గుమ్మం దగ్గర నిలబడి ఏమడగాలో తెలియక మంచినీళ్లు అడిగి తాగి వచ్చేదాన్ని.

ఎల్లారెడ్డిలో భూమక్క కుట్టు దుకాణంలో ఆమెకు పని కుదిరినప్పుడు నువ్వెంత సంతోషపడ్డావో. భూమక్క నోరు నీకు తెలిసిందే. మొదటి రోజే ఆమెతో, 'నువ్వెక్కడికెళ్లి వచ్చినవో నాకద్దు, కాజాలు సక్కగ కుడ్తవా లేదా, గది జెప్పు' అన్నదట. అంతకంటే మంచి పలకరింపు ఆమెకు అప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదని నాతో చెప్పుకుంది. దుకాణం వెనక సందులో గది అద్దెకు తీసుకుంది. హైదరాబాద్‌లో ఆస్పత్రిలో పనిచేసి వచ్చిందని సందులో అనుకున్నారు. వాళ్ల ఊళ్లోనూ ఇంటివాళ్లు అదే చెప్పారు కాబట్టి, ఆ మాట ఆమెను కాపాడింది.

పండుగ వేలానికి ఏమైనా ఇవ్వొచ్చా అని ఆమే అడిగింది. మనమెవరం అడగలేదు. భూమక్క పాత నేత చీరలు ఇచ్చింది. వాటిని పొరలుగా పరిచి, దుకాణం మూసేశాక కూర్చుని బొంత కుట్టింది. దగ్గర దగ్గర కుట్లు, ఎక్కడా దారం వంకర పోలేదు. ఎవరు కొంటారో చూడాలని ఉంది అక్కా అన్నది. నేను నిన్నడిగాను. నువ్వు, 'తీస్కరా అనిలా, ఎనుక కూసుంటది, ఎవలకు ఎరుక' అన్నావు. కొత్త డ్రెస్ వేసుకుని, లింగంపేట మీదుగా వచ్చే బస్సులో నా పక్కన కిటికీ దగ్గర కూర్చుని వచ్చింది. దారంతా బొంతను ఒళ్లోనే పెట్టుకుంది. పైన పెట్టమంటే మరకలవుతాయన్నది.

మన గుడి వేలం ఎట్లా సాగుతుందో ఇద్దరికీ తెలుసు. వస్తువు ఎవరిదో, ఏ ఊరిదో చెప్పకుండా దేవరాజ్ అన్న వేలం పాట మొదలుపెట్టడు. రాజంపేట అబ్రాహాము తాత తెచ్చిన గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని, 'సూడుండ్రి, తాత చేన్ల పండింది, తాత లెక్కనే గుండ్రంగున్నది' అన్నాడు. తాత లేచి, 'నీ బొర్ర లెక్క లేదు తియ్యి' అని అరిచాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత బొంత వచ్చింది. పేరు లేని వస్తువును అమ్మడం దేవరాజ్ అన్నకు చేతకాలేదు. ఒక సోదరి కుట్టింది అన్నాడు. 'ఏ సోదరి? బజార్ల కొన్కొచ్చిండ్రా ఏంది' అని ఎవరో వెనక నుంచి ఎకసెక్కెమాడారు. పాట లేవలేదు. లేవకపోతే ఏమయ్యేది? తక్కువకు పోయేది. ఎవరో ఒకరు కప్పుకునేవారు. ఆమెకు అంతే కావాలి.

నువ్వు మైకు తీసుకున్నావు.

పూణె అన్నావు. మేనమామ అమ్మాడన్నావు. తల్లి లేని పిల్ల, ఎల్లారెడ్డి అవతలి ఊరు అన్నావు. ఎన్నేళ్ల వయసులో తీసుకుపోయారో, అక్కడ ఏం చేయించారో కూడా చెప్పావు. జనం కళ్లు తుడుచుకున్నారు. పాట పైకి లేచింది. ఒకరు పాడాక ఇంకొకరు, పాడినవాళ్లే మళ్లీ పాడారు. అక్కడితో ఆగినా నేను సర్దుకునేదాన్నేమో. ఆ పిల్ల ఇక్కడే ఉన్నదన్నావు. ఒక్కసారి లేచి నిలబడు తల్లీ, నీకోసం దేవుని బిడ్డలు ఎంత చేస్తున్నరో చూడు అన్నావు.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేను పట్టుకునే ఉన్నాను, కానీ వద్దని అనలేకపోయాను. ఆమె లేచి నిలబడింది. నువ్వు చెప్పావు కాబట్టి లేచింది. నువ్వు ఏది చెప్తే అది చేసి పూణె నుంచి ఇంటికి చేరింది కదా.

ముందు వరసలో గౌరవ్వ అనే ముసలామె వెనక్కి తిరిగింది. వాళ్ల ఊరామె, కోడిపుంజు కొనడానికి పక్కింటివాళ్లతో వచ్చిందట. చెడ్డదేం కాదు. ఆశ్చర్యం ఆపుకోలేక, 'అయ్యో బిడ్డా, నువ్వా! దవఖానల పని జేస్తున్నవన్నరు గదనే' అని గట్టిగా అన్నది. మైకు లేకపోయినా హాలంతా విన్నది.

తిరుగు బస్సులో ఆమె తాడ్వాయి దాటాక ఒక్క మాట అడిగింది. 'అక్కా, గంత పాట కుట్టు మంచిగున్నదని వచ్చిందా?' అని.

ఆ వారం భూమక్క దుకాణానికి గిరాకీ పెరిగింది. చినగని జాకెట్లు కుట్టించడానికి తెచ్చారు. కొలతలిస్తూ లోపల మిషను వైపు తొంగి చూశారు. భూమక్క ఒకామెను, 'సూసుడు అయిపోయిందా, ఇగ చెయ్యి లేపు, సంక కొలత దీస్కుంట' అన్నది. ఇంకొకామెను జాకెట్టుతో సహా బయటికి పంపింది. కానీ గది భూమక్కది కాదు. ఇంటావిడ వచ్చి, 'మా ఇంట్ల పెండ్లీడు పిల్లలున్నరమ్మా, నువ్వు మంచిదానివే గని ఇంకేడన్న సూస్కో' అన్నది. మంచిదానివే అని రెండుసార్లు అన్నదట. ఆమె గది ఖాళీ చేసింది.

ఇదంతా నీకు తెలియక జరిగిందని నేను అనుకున్నాను. మనసు కరిగి నోరు జారావనుకున్నాను. నిన్ను వెనకేసుకొచ్చి భూమక్కతో వాదించాను కూడా. పోయిన శనివారం కామారెడ్డి బస్టాండులో దేవరాజ్ అన్న కనిపించాడు. పాపం, నన్ను చూసి తల దించుకున్నాడు. నేను అడగకముందే, 'నాకేమెరుక చెల్లే, పాట లేవకుంటె మైకు నాకియ్యి, పిల్లను గూడ పిలిపిస్తున్న అని అక్క పొద్దుగాలనే జెప్పింది' అన్నాడు.

పొద్దున్నే. అంటే మేమిద్దరం ఇంకా బస్సులో ఉన్నప్పుడు. ఆమె ఒళ్లో బొంత పెట్టుకుని కూర్చున్నప్పుడు. వెనక కూర్చుంటుంది, ఎవరికి తెలుస్తుంది అని నువ్వు నాతో అన్నది నన్ను నమ్మించడానికి. నేను నమ్మితేనే ఆమె వస్తుందని నీకు తెలుసు. అక్కా, ఆమెను అక్కడికి రప్పించి కూర్చోబెట్టించింది నా చేతే.

మొన్న నీ ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లో చందాల సభకు పెద్ద హాలు దొరికిందన్నావు. విదేశాల వాళ్లు కూడా వస్తున్నారన్నావు. ఆమెను ఒప్పించి తీసుకురమ్మన్నావు. ఈసారి మొఖం కనబడకుండ తెర వెనక కూర్చోబెడతామన్నావు. గది ఖాళీ చేసింది, ఎక్కడుందో తెలియదు అన్నాను. ఏమైందని అడుగుతావనుకున్నాను. నువ్వన్న మాటలు ఇక్కడ రాస్తున్నాను, మళ్లీ ఒకసారి చదువుకో. 'పోనీ తియ్యి అనిలా. గిసొంటోళ్లకు ఎంత జేసినా మల్ల గాడికే పోతరు. నువ్వు రంది వడకు, ఇంకో పిల్లను సూద్దం.'

కుట్టు మిషన్లు కొనాలి, పిల్లలుండే ఆశ్రమం అద్దె కట్టాలి, చందా లేకుండా ఏదీ నడవదు అంటావు. అది నిజమే. ఆ పాట వల్ల ఇంకెవరికో మిషను వస్తుంది, అదీ నిజమే. ఆ మిషను మీద కూర్చునే పిల్లను వచ్చే కోత పండుగకు ఎవరు లేపి నిలబెడతారో అని నా భయం.

సంఘంలో ఇక నేను ఉండను. రసీదు పుస్తకాలు, బ్యానరు దేవరాజ్ అన్నకు అప్పజెప్పాను. హైదరాబాద్ సభకు కరపత్రం రాయమన్నావు. రాయను. ఆమె గురించి ఎక్కడైనా, పేరు మార్చి అయినా సరే, చెప్తే మాత్రం నేను కోర్టులో ఆమె తరఫు వకీలు దగ్గరికి పోతాను. నాకు మాట రాదని ధీమా పడకు. రాసి ఇస్తాను.

బావకు వందనాలు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
అనిల

తా.క. ఆమె ఎక్కడికీ పోలేదు. గది ఖాళీ చేసిన రోజే అవ్వ ఆమెను మా ఇంటికి తెచ్చింది. సోమవారం నుంచి మళ్లీ భూమక్క దుకాణానికి పోతోంది. ఎవరడిగినా తెలియదని చెప్పమని తానే అడిగింది, అందుకే నీతో అట్లా అన్నాను. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను రొట్టెల పిండి పిసుకుతున్నాను. ఇంత జరిగినా నీ పేరు చూసి సంతోషంగా ఆమే ఫోన్ ఎత్తి, స్పీకర్ పెట్టి, నా నోటి దగ్గర పట్టుకుని నిలబడింది. నువ్వు మాట్లాడిందంతా ఆమె చేతిలోంచే వినిపించింది. నువ్వు పెట్టేసేదాకా కదలకుండా పట్టుకుంది. తర్వాత ఫోన్‌కు అంటిన పిండిని చున్నీతో తుడిచి గూట్లో పెట్టింది. 'అక్కకు సర్ది అయినట్టున్నది, గొంతు వోయింది' అని మాత్రం అన్నది.