అమ్మమ్మ ఆగిన చోటు

ప్రియమైన అమ్మకి,

మా రెండో తరగతి పిల్లలకి మీ ఆర్కెస్ట్రా ఇప్పుడు వాయిస్తున్న ఒపేరా రాసిన ఇటలీ స్వరకర్తని పరిచయం చేశాను. బొమ్మలో ఆయన గడ్డం చూసి తాతయ్య అని పేరు పెట్టేశారు. పాటల కథ మధ్యలో ఆయన బ్యాలే నాట్యం ఎందుకు పెట్టాడని ఒకడు అడిగాడు. "పాడేవాళ్లకి గొంతు నొప్పెట్టదా మరి?" అని పక్కపిల్ల జవాబిచ్చేసింది. ఇక నేను చెప్పేదేముంది!

ఆ బ్యాలేలో అందరూ ఆగాక ఫ్లూట్ ఒక్కటే మోగుతుందనీ, అది వాయించేది మా అమ్మేననీ గొప్పలు పోయాను. నిన్ను అప్పుడే అమ్మమ్మని చేసేశారు. శనివారం మధ్యాహ్నం ఆటకి అందర్నీ తీసుకొస్తున్నాను. పై బాల్కనీలో ఉంటాం. ఒక్కసారి తలెత్తి చూడమ్మా.

నీ గారాల టీచరు

బంగారుతల్లీ,

ఫోన్ ఎత్తనందుకు కోపం తెచ్చుకోకు. నీ గొంతు వినే ధైర్యం లేదు.

మా పనిలో సగం వాయించడం, సగం ఊరుకోవడం. ఊరుకున్నంతసేపూ మనసులో తాళం లెక్క పెడుతూ ఉండాలి. నేను తలెత్తాను. పిల్లలందరూ బాల్కనీ కమ్మీ మీద గడ్డాలు ఆనించి నన్నే చూస్తున్నారు. ఎంత ముద్దొచ్చారో! లెక్క కాస్తా ఎగిరిపోయింది. మా అందర్నీ నడిపించే కండక్టర్ కర్ర నా వైపు తిరిగింది, హాలంతా నిశ్శబ్దం. పక్కన క్లారినెట్ ఆయన గుడ్లప్పగించి చూశాడు. వేదిక మీద నాట్యం చేసే అమ్మాయి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఆ తర్వాత అందుకున్నాననుకో, ఏం లాభం? తల కొట్టేసినట్టయింది. మెట్ల దగ్గర పిల్లలు ఎదురుచూస్తున్నారని తెలిసీ వెనక తలుపులోంచి దొంగలా జారుకున్నాను.

రాజీనామా రాసేశాను. నెలాఖరుకి ఇచ్చేస్తాను. పిల్లల దగ్గర నా ఊసెత్తకు.

సిగ్గుతో,
అమ్మ

పిచ్చి అమ్మా,

తలెత్తమన్నది నేను. సిగ్గుపడాల్సిందీ నేనే. పైగా ఇంకో సిగ్గుమాలిన పని చేశాను.

ఇవాళ తరగతిలో బల్లలు పక్కకి జరిపి ఆ బ్యాలే రికార్డు పెట్టాను. నువ్వు తప్పిన చోటు రాగానే పిల్లలంతా చేతులెత్తి బొమ్మల్లా ఆగిపోయారు. రికార్డులో ఫ్లూట్ మోగేసరికి ఒకటే గోల. "రికార్డు తప్పు టీచర్! ఇక్కడ అమ్మమ్మ మమ్మల్ని చూడ్డానికి ఆగుతుంది కదా!" అన్నారు. అవునన్నాను. నీ మీద ప్రేమతో నోరు జారాను. ఇప్పుడు మళ్లీ మళ్లీ అదే ఆడతామంటున్నారు, అక్కడ ఆగుతూ. వాళ్లకి తప్పు నేర్పి కూర్చున్నాను. ఒక్కసారి రా అమ్మా, నాకు దారి తోచడం లేదు.

నీ కూతురు

నా చిట్టితల్లీ,

మీ బడికొచ్చి నిన్ను వరండాలో నిలబెట్టి, లోపల పిల్లలతో తలుపేసుకుని ఏం చేశానని అడిగావు. నీ ఎదురుగా చెప్పడానికి మొహం చెల్లక రాస్తున్నాను.

"మీ టీచర్ నన్ను వెనకేసుకొచ్చింది. నిజానికి అది తప్పే. మిమ్మల్ని చూస్తూ నా పని మర్చిపోయాను" అని చెప్పేశాను. పిల్లలు కాసేపు గుసగుసలాడుకున్నారు. ముందు పళ్లూడిన నీ శిష్యురాలు లేచి, "అయితే ఇప్పుడు వాయించు అమ్మమ్మా. మేం నీకు కనిపించం" అంది. అందరూ గిర్రున తిరిగి గోడకేసి మొహాలు పెట్టుకున్నారు.

వాయించాను. ఒక్కరూ తల తిప్పలేదు. అన్ని చిన్న వీపులు ఎదురుగా పెట్టుకుని తప్పు పోకుండా వాయించడం ఎంత కష్టమో నీకు తెలీదు.

ఈ కాగితం తిప్పి చూడు, నా రాజీనామా. వెనక ఖాళీగా ఉంది కదా అని నీకు ఉత్తరం రాసేశాను.

ప్రేమతో,
ఫ్లూట్ అమ్మమ్మ