మా ఇల్లు దాటిపోయిన క్యారల్స్

పలమనేరు. డిసెంబరు, ఆదివారం రాత్రి.

నిన్న సాయంత్రం చర్చి వాళ్లు క్యారల్స్ పాడుతూ మా వీధికి వచ్చారు. నా భార్య సుగుణ ఉన్నప్పుడు ఏటా చేసినట్టే అల్లం టీ కాచి గుమ్మంలో నిలబడ్డాను. మా ఇల్లు దాటి పక్కింట్లో పాడారు. ముందు డప్పు కొడుతున్నది డేవిడ్. సుగుణ శవపెట్టెకు నాతో పాటు భుజం పట్టినవాడు.

ఇవాళ చర్చిలో పాస్టరు గారి ప్రసంగం పశువుల పాక గురించి. పేడ వాసన మధ్య పుట్టడానికి ప్రభువు సంకోచించలేదన్నారు. డేవిడ్ అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. బయటికి వచ్చాక, మా ఇంటి ముందు ఎందుకు పాడలేదని వాణ్ని అడిగాను.

"సావు జరిగిన ఇల్లు గదప్పా. ఏడాది తిరక్కుండా పండగ పాటలు వద్దని పెద్దోళ్లు చెప్పినారు."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటానబ్బా? వచ్చే ఏడు ఫస్టు మీ ఇంటికే. వడలు గూడా పెట్టాల!" నవ్వాడు.

భార్య పోయిన ఇల్లు ఆ పాకకంటే మైలపడిందా? ప్రభువు దిగివచ్చింది ఇలాంటి ఇళ్లకేనని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అలా నమ్మితే, ఆయన డేవిడ్ కోసమూ వచ్చాడు గనక వాణ్ని క్షమించక తప్పదు. పండగనాడు వాడు శుభాకాంక్షలు చెప్పి చెయ్యి చాపుతాడు. నా చెయ్యి లేస్తుందో లేదో...