చిమ్నీ సాక్ష్యం

ఏప్రిల్ 22, మంగళవారం. మధ్యాహ్నం 3

పొద్దున జరిగింది రాసి పెడతాను. ఎప్పటిలాంటి పొద్దునే. ఐదింటికి లేచాను. నా గది కిటికీ తెరిచి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కీర్తన చదివాను. పాలు కాచాను. తమ్ముడు సుందర్ రావు డ్యూటీకి కాజీపేట పోయాడు. వాడి భార్య నిర్మల హాస్టల్ పిల్లలకు రోజూ పన్నెండు బాక్సులు కడుతుంది. ఈస్టర్ సెలవులయ్యాక ఈరోజే మళ్లీ పెద్ద పొయ్యి వెలిగించింది. నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. తను చిమ్నీ స్విచ్ వేసి తాలింపు పెట్టింది. మోత వచ్చింది, పొగ మాత్రం పోలేదు. మిరపకాయల ఘాటు తిరిగి మొహం మీదికే వచ్చింది.

నిర్మలకు దమ్ము జబ్బు ఉంది. దగ్గుతూ గోడ పట్టుకుంది. ఇన్‌హేలర్ నేనే తెచ్చి చేతిలో పెట్టాను. రెండుసార్లు పీల్చి మళ్లీ గరిటె పట్టుకుంది. ఏంది వదినే, పండుగ అయిందో లేదో సైతాను ఈ డబ్బాల దూరిండా అని నవ్వింది.

ఏప్రిల్ 23, బుధవారం

ఫిల్టర్లు సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టి తోమాను. నూనె కప్పు ఖాళీ చేశాను. పొగ అలాగే ఉంది.

ఏప్రిల్ 24, గురువారం. ఉదయం 11

మెకానిక్ వెంకట్రాజం వచ్చాడు. ఫిల్టర్ కింద పేపరు ముక్క పట్టాడు. గాలి లాగితే అంటుకోవాలట. అది రాలి పొయ్యి మీద పడింది. స్టూలెక్కి మోటర్ విప్పి చూశాడు. మోటర్ గుర్రం లెక్కున్నదమ్మా, గాలికే తొవ్వ దొర్కుత లేదు అన్నాడు. పైపు మూడు మలుపులు తిరిగి పక్క సందులో తేలుతుంది. పొగేమన్న పామా, గన్ని వంకలు తిరగనీకి అన్నాడు. నిర్మల దగ్గుతూనే నవ్వింది.

బయట పైపు మూతి చూస్తానన్నాడు. రెండిళ్ల మధ్య సందులో మనిషి పట్టడు. నా కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపితేనే ఆ మూతి అందుతుంది. అది ప్రార్థన గది, లోపలికి వద్దు అన్నాను. పాపం, గడప దగ్గరే ఆగిపోయాడు.

అయితే మలుపులు తీసేసి, నా కిటికీలోంచి పైపు తిన్నగా వేద్దామన్నాడు. నిర్మల ఫోన్ చేసి అడిగితే తమ్ముడు సరే అన్నాడట. పెద్దక్క ఏమనదు, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నాడట. సోమవారం పని.

సాయంత్రం 6

ఆ మూతిలో ఉన్నది నా గుడ్డ.

ఇక్కడైనా రాయాలి. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమల దినాల్లో సాయంత్రం దాకా నాకు ఉపవాసం. మధ్యాహ్నం నేను మోకరించే వేళకు నిర్మల కోడి వేయించేది. ఆ వాసన నేరుగా నా కిటికీలోకి వచ్చేది. నాలుగో వారంలో ఒకరోజు నోట్లో నీళ్లూరి, చేస్తున్న ప్రార్థన మధ్యలో మరిచిపోయాను. కిటికీ మూస్తే ఊపిరాడదు. పాత తెల్లచీర ముక్క తీసుకుని, చెయ్యి చాపి, మూతి రెక్కల వెనక కుక్కాను. గంటసేపే. తర్వాత తీసేశాను. మర్నాడు మళ్లీ పెట్టాను. ఆ గంటలో వంటింట్లోంచి దగ్గు వినబడేది. ప్రార్థన ఆపలేదు.

గుడ్ ఫ్రైడే పొద్దున పెట్టాను. చర్చిలో ఏడు మాటల ఆరాధనకు టైం అవుతోందని తమ్ముడు తొందరపెట్టాడు. తీయడం మరిచాను. నిన్న ఫిల్టర్లు తోముతుంటే గుర్తొచ్చింది. లాగితే రాలేదు. జిడ్డుతో అతుక్కుపోయింది.

ఈ ఇంటికి వచ్చి ఆరేళ్లు. నాది అనుకునేది ఆ కిటికీ ఒక్కటే. రెండు మాటలు చెబితే అయిపోయేది. నోరు రాలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

తెల్లవారగానే అట్లకాడతో లాగాను. మణికట్టు గీరుకుపోయింది. గుడ్డ వచ్చింది. తారులా ఉంది. మంచం కింద దాచాను.

చెబుదామని వంటింట్లోకి పోయాను. నేను నోరు తెరిచేలోపు నిర్మల నా చెయ్యి పట్టుకుని చిమ్నీ మీద పెట్టింది. జర ప్రార్థన చెయ్యి వదినే, మిషిన్లు గూడ దేవుని మాట ఇంటయి అంది. ఈ ఇంట్లో కొత్త బండి కొన్నా, ఎవరికి జ్వరమొచ్చినా నా చెయ్యే పెట్టిస్తారు. కళ్లు మూసుకున్నాను. ఒక్క మాట రాలేదు. మౌనంగా చేస్తున్నాననుకుంది.

స్విచ్ వేసి, వెంకట్రాజంలాగే పేపరు పట్టింది. టక్కున అంటుకుంది. స్తోత్రం, స్తోత్రం అంటూ నన్ను కావలించుకుని ఏడ్చింది. నేను చేతులు కడుక్కుని గదిలోకి వచ్చేసరికి చర్చి అయ్యగారికి ఫోన్ కూడా చేసేసింది. దేవుడు చేసిన మేలు గురించి ఆదివారం ఆరాధనలో అందరి ముందు తన సాక్ష్యం ఉందట.

ఏప్రిల్ 26, శనివారం. సాయంత్రం 7

కుటుంబ ప్రార్థనలో గుడ్డ తెచ్చి వాళ్ల ముందు పెట్టాను. అంతా చెప్పాను.

తమ్ముడు, పోనీ తియ్యి పెద్దక్కా, మర్సిపోయినవ్, వయసు మీద పడ్డది అన్నాడు. మరిచిపోయింది చివరి రోజే, మిగతా రోజులు తెలిసే పెట్టాను అన్నాను.

నిర్మల గుడ్డ వైపే చూస్తూ కూర్చుంది. నేను దగ్గుతాంటే నీకు ఇనబడలేదా వదినే అని అడిగింది.

వినబడింది అన్నాను.

8 గంటలకు

ఇంట్లో అనుకున్నది ఇది. గుడ్డ ముచ్చట గడప దాటొద్దు. అయ్యగారికి చెప్పాక వెనక్కి పోతే పరువు పోతుంది. నిర్మల మాత్రం సాక్ష్యానికి తను నిలబడనంది. కాబట్టి రేపటి సాక్ష్యం, చెయ్యి పెట్టినదాన్ని గనుక, నేనే చెప్పాలి. వెంకట్రాజం సోమవారం వస్తాడు. పైపు పని లేదు. పొగ నాకు తగలకుండా కిటికీని ఇటుకలతో మూస్తారు. నా మంచికేనట.

సరే అన్నాను.

గుడ్డ మడిచి, రేపు ఆరాధనకు పట్టుకుపోయే బైబిలు సంచిలో పెట్టుకున్నాను.