రత్నమ్మ పేరున వేసిన డబ్బు

మార్చి నెల, సోమవారం, రాత్రి

బస్సు తోలి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు మా ఇంటామె రత్నమ్మ పేరున పోస్టాఫీసులో వేశాను. ఏనాడు జీతం తెచ్చినా ముందు ఆమె చేతిలోనే పెట్టినవాణ్ణి. ఇవాళ మార్కాపురంలో పన్ను కాగితాలు రాసే అబ్బయ్య తల పట్టుకున్నాడు.

"ఏంది పెదనాయనా, ఇట్ల చేసినావు? ఆమె పేరున ఉన్నా వడ్డీ నీ లెక్కలోకే వస్తాది. నీ పేరున పెద్దోళ్ల పొదుపు పథకంలో వేసింటే పన్ను తగ్గేది. నెలాఖరులోపు మార్చుకో."

"ఇచ్చింది లాక్కునే రకమా నేను? పన్నెంతో చెప్పు, కడతా."

ఇంటికొస్తే ఆమె పాస్‌బుక్కులో తన పేరును వేలితో తడుముతోంది.

"ఇది నేనేనా?" అంది.

అప్పటినుంచి కళ్లు మూస్తే నల్లమల ఘాట్‌లో బస్సు చప్పుడు లేకుండా వెన్నెల్లోకి దిగిపోతోంది, ముందు సీట్లో ఆమె ఒక్కతే. పన్ను సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే రేపే పోయి తన పేరు కొట్టేయించుకుంటుంది…