పట్టుగుడ్డలో పెట్టిన చిప్పు

హనుమకొండ,
ఆదివారం సాయంత్రం.

బాపుకు, అవ్వకు మీ బిడ్డ స్వరూప దండాలు పెట్టి రాస్తున్నది.

నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరంతా ఎట్లా ఉన్నారు? అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముణ్ని సాంచాల దగ్గరికి, ఆ కరెంటు మగ్గాల మధ్యకు పోయేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మని చెప్పండి. భివండి దూది వాడి గొంతులో చేరితే ఎండాకాలం దాకా దగ్గు పోదు.

మూడు వారాలుగా ఉత్తరం లేదని కోపం వచ్చి ఉంటుంది. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఒక తప్పు చేశాను బాపూ. అది రాయకుండా మిగతావన్నీ రాస్తే అబద్ధం ఆడినట్టు ఉంటుంది, రాస్తే నువ్వేమంటావోనని భయం. అవ్వకు చదివి వినిపించే ముందు ఒకసారి నువ్వొక్కడివే చదువు. ఫికరు పడేంత జబ్బు, గిబ్బు ఏమీ లేదు. నేను బాగానే ఉన్నాను.

ముందు మంచి సంగతులు చెప్తాను. చలి తగ్గుముఖం పట్టింది. పొద్దున స్వెట్టరు, మధ్యాహ్నం గొడుగు. పెద్దమ్మ జొన్నరొట్టె చేయడం నేర్పుతున్నది. నా రొట్టెకు ఇంకా ఏడు మూలలు వస్తున్నాయి. "ఇది రొట్టెనా, మ్యాపా?" అంటుంది. కాలేజీలో తెలుగు మేడం నా వ్యాసం క్లాసులో చదివి వినిపించారు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు, సంతోషంతో. ఒక్కటే కష్టం. ఇక్కడ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. పుట్టి పెరిగిందంతా భివండిలో, సాంచాల చప్పుడులో కదా, ఆ టకటక లేకపోతే మీరెవరూ దగ్గర లేరన్నది మాటిమాటికీ గుర్తుకొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. అవ్వకు గుర్తుండకపోతే చెప్పు, నేనుండే గది నరహరి సారు ఇంటి వెనక వైపుది. సారు తాతకు దోస్తు, లెక్కల సారుగా చేసి రిటైరయ్యారు. పెద్దమ్మ అని నేను పిలిచేది సారు భార్యను. తాత పోకముందు రెండేళ్లు సారు ప్రతి శుక్రవారం కొత్తవాడలో తాత ఇంటికి పోయి, తాత మగ్గం గుంట పక్కన పీట వేసుకొని కూర్చొని, మగ్గం పనిలోని మాటలన్నీ అడిగి రాసుకున్నారు. ఒక్కొక్క మాట, దాని అర్థం, దాని కింద తాత నోట వచ్చిన ఒక వాక్యం. ఆ నోటుపుస్తకాలకు చెదలు పట్టింది. అప్పటికే అన్నీ కంప్యూటర్లో ఎక్కించారు గనుక పెద్దమ్మ వాటిని నీళ్ల పొయ్యిలో వేసేసింది. అంటే తాత మాటలు ఇగ ఒక్క క్యాసెట్టులోనే మిగిలాయి.

కంప్యూటర్ అంటే బ్యాంకులో ఉండే బీరువాలాంటిది అనుకోకు. ఎక్కాల పుస్తకమంత డబ్బా, పైన మీటలు. తెర లేదు, సారు ఇంట్లోని నలుపు తెలుపు టీవీకి తగిలిస్తారు. రాసింది దాచుకోవడానికి పాటలు వినే టేప్ రికార్డరే. కాలేజీ ల్యాబులో పాతబడిందని తీసేస్తే సారు కొనుక్కున్నారు. తెలుగు అక్షరాలు రావు, ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొట్టాలి. కరెంటు తీస్తే అంతా మర్చిపోతుంది, మళ్లీ క్యాసెట్టు వేసి గుర్తు చేయాలి. అయినా దాని ముందు కూర్చుంటే నాకు ఆకలి తెలియదు. ఒక మాట అడిగితే తాత వాక్యం తెర మీదికి వస్తుంది. పేక పోగును అటూ ఇటూ మోసే "నాడె" పేరు కొడితే, "నాడె పోటు చూసి నేసేటోని మనసు చెప్పొచ్చు" అని వస్తుంది. నిజంగా తాత పలికినట్టే ఉంటుంది బాపూ.

నేనూ కొత్తవాడ ముసలివాళ్ల దగ్గర కొన్ని మాటలు పోగుచేశాను. వాటిని కలుపుదామంటే జాగా లేదని కంప్యూటర్ మొరాయించింది. దాని జ్ఞాపకం చిన్నది, పదహారు కె అంటారు. అంజద్ భాయ్ అని చౌరస్తా దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసే ఆయన ఉన్నాడు. దాన్ని నలభై ఎనిమిది చేయొచ్చని, కానీ అంత జ్ఞాపకాన్ని పాత ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకోలేదని, అదీ మార్చాలని చెప్పాడు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే, కంప్యూటర్ కన్ను తెరవగానే ఏం చేయాలో, టేపు ఎట్లా చదవాలో చెప్పే బుద్ధి. ఈ డబ్బాలో ఆ బుద్ధంతా ఒక నల్ల చిప్పులో ఉంటుంది, రెండు వైపులా కాళ్లతో జెర్రిలా. "చూద్దాంలే, ఎండాకాలం సెలవుల్లో" అన్నారు సారు. నేనే ఊరుకోలేదు. రోజూ అడిగాను. ఈ తొందర నాది.

పోయిన నెల చివరి ఆదివారం అంజద్ భాయ్ హైదరాబాదు నుంచి చిప్పులు తెప్పించి ఇంటికి వచ్చాడు. డబ్బా విప్పి, పాత బుద్ధి చిప్పును చిన్న స్క్రూడ్రైవరుతో లేపి, కొత్తది కూర్చోబెట్టాడు, జ్ఞాపకం చిప్పులు అతికించాడు. పాతది ఒక స్పాంజి ముక్కకు గుచ్చి నా చేతికిచ్చి, "ఇగ దీనితోని పని లేదు బేటీ, దాచుకుంటే దాచుకో" అన్నాడు. ఆయన తొందరలో ఉన్నాడు. మేడారం జాతరలో మైకు సెట్లు పెట్టే గుత్తా ఆయనదే, జీపు బయట ఆగి ఉంది. టీవీలో నలభై ఎనిమిది అని పడగానే అందరం చప్పట్లు కొట్టాం. జీపు వెళ్లిపోయింది.

నేనేం చేశానంటే, ఆ పాత చిప్పును స్పాంజిలోంచి తీశాను. స్పాంజి మురికిగా, తాకితే నలుపు అంటుతూ ఉంది. మన ఇంట్లో పడుగు పోగులు దూర్చే అచ్చు అరిగిపోతే తాత పారేసేవాడా? తుడిచి, బొట్టుపెట్టి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేవాడు కదా. ఇన్నాళ్లు తాత మాటలు మోసిన చిప్పు అని, పెద్దమ్మ పూజ గదిలోంచి పట్టుగుడ్డ ముక్క తీసుకొని, మెరిసేదాకా తుడిచి, పసుపు బొట్టు పెట్టి, అందులోనే చుట్టి దేవుని అల్మారాలో పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

టీ తాగి వచ్చి తాత క్యాసెట్టు వేశాం. కీచుమని చప్పుడు, తెర మీద చారలు, తర్వాత తప్పు అని చూపించింది. మళ్లీ వేశాం. తప్పు. సారు టేప్ రికార్డరు తలకాయను దూదితో తుడిచారు. అప్పుడూ తప్పే. కొత్త బుద్ధికి పాతది రాసిన టేపు చదవడం రాదని, సారు పుస్తకం తిరగేసి చీకటి పడేవేళకు కనుక్కున్నారు.

పెద్దమ్మ వంటింట్లోంచే అంది. "ముప్ఫై ఏండ్లు పిల్లలకు లెక్క రెండుసార్లు చూసుకోండ్రని చెప్పినోడు, ఇంట్ల లెక్క ఒక్కసారన్న చూసుకోలే."

సారు పుస్తకం మూసి పక్కన పెట్టారు. నాకు మటుకు తాత గుర్తొచ్చాడు. మగ్గం మీద పడుగు అయిపోతే, పాత పోగులను అచ్చులోంచి లాగేసేవాడు కాదు కదా. వాటి కొసలు అట్లాగే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటి వాటికి అతికేవాడు. పాతది పట్టుకొని కొత్తది లోపలికి వచ్చేది. చిన్నప్పుడు సెలవులకు వచ్చి పక్కన కూర్చొని పోగులు అందించినదాన్ని నేను. సాలోళ్ల బిడ్డనై ఉండి, అతకకుండానే పాతదాన్ని లాగేయించాను.

అయినా పాత చిప్పు ఉంది కదా, మళ్లీ పెట్టించి, టేపు చదివించి, కొత్తదానికి అందిద్దామని ధైర్యం చెప్పుకున్నాం. కానీ అంజద్ భాయ్ జాతర నుంచి రావాలి. ఆ రెండు వారాలు ఎట్లా గడిచాయో చెప్పలేను. బస్సులన్నీ మేడారానికే, హనుమకొండ ఖాళీ. కాలేజీకి పోతూ వస్తూ మూసిన షాపు ముందు ఆగేదాన్ని. ప్రతి పొద్దున అల్మారా తెరిచి పట్టుగుడ్డ విప్పి చూసుకొని, ఇంకొకసారి తుడిచి, మళ్లీ చుట్టేదాన్ని.

ఇవాళ పొద్దున తొమ్మిదిన్నరకు ఆయన వచ్చాడు, జుట్టు నిండా జాతర దుమ్ముతో. నేను పట్టుగుడ్డ మూట రెండు చేతులతో అందించాను. విప్పి చూశాడు.

"పట్టుల పెడ్తివా బేటీ?"

"భద్రంగా ఉంటుందని..."

"స్పాంజి ఏది?"

"మురికిగా ఉందని పారేశాను."

"యా అల్లా! ఆ మురికే దానికి పానం. పట్టు రుద్దితే కరెంటు పుడ్తది. మనకు తెల్వదు, దానికి తెలుస్తది. లోపల సన్నగ కాలుతది. ఎన్నిసార్లు తుడిచినవ్?"

పెద్దమ్మే అంది, "రోజు తుడిచింది, దేవుణ్ని తుడిచినట్టు."

అంజద్ భాయ్ నన్ను తిట్టలేదు. స్పిరిటుతో పసుపు కడిగి, పెన్సిలు రబ్బరుతో కాళ్లు ఒక్కొక్కటి రుద్ది, చిప్పును కూర్చోబెట్టాడు. కరెంటు ఇస్తే మొదటిసారి తెర నిండా గళ్లు. రెండోసారీ గళ్లే. మూడోసారి లేచింది బాపూ! క్యాసెట్టు వేశాం. చదివింది. తాత మాటలన్నీ వచ్చాయి.

"ఇగ బంద్ చేయకుండ్రి. ఒక్కసారి పండుకుంటే మళ్ల లేస్తదో లేదో నేను చెప్పలేను. ఎంత తొందరగ ఎక్కించుకుంటే అంత మంచిది" అన్నాడాయన.

ఎక్కించుకోవడం అంటే కాగితం మీదికే, వేరే దారి లేదు. సారు తెర చూసి చదివారు, నేను రాశాను. ఒక్కొక్క పోగు అందించినట్టే. పడుగు, పేక, కండె, ఆసు. చెయ్యి లాగింది, వేళ్లు కొంకర్లు పోయాయి. పెద్దమ్మ ముద్దలు కలిపి నా నోట్లో పెట్టింది. ఫ్యాను కూడా వేయలేదు, ఫ్యూజు ఎగురుతుందని భయం. అంజద్ భాయ్ షాపు తెరవకుండా మీటరు కిందనే కూర్చున్నాడు, ఎవరైనా స్విచ్చు ముట్టుకుంటారేమోనని. రెండో నోటుపుస్తకం మొదలుపెట్టాను. చివరి భాగం ఒక్కటే మిగిలింది, గంజి పట్టించి పడుగును వీధి పొడుగునా చాపే పని మాటలు. ఇప్పుడు ఎవరూ చేయని పని.

మూడు దాటింది. సారు చదువుతున్నారు, "తెల్లారకముందే పడుగు ఎత్తుకొని వాడకట్టుకు పోదుము. మా పెద్దోడు గంజికుండ పట్టుకొని ముంగట నడిచేటోడు. వాడు..."

కరెంటు పోయింది.

అరగంటకు వచ్చింది. చిప్పు లేవలేదు. తీసి పెట్టారు, రుద్దారు, ఊదారు. ఆరుసార్లు. గళ్లు కూడా రాలేదు.

అంజద్ భాయ్ సామాను సర్దుకుంటూ నా పక్కన ఆగాడు. "పట్టుతోని పోయిందో, వయసుతోని పోయిందో నాకే తెల్వదు బేటీ. నువ్వు మనసుల పెట్టుకోకు" అన్నాడు. నిజమో, నా మొహం చూసి అన్నాడో. అట్లాంటి పాత చిప్పు ఇంకెక్కడైనా దొరుకుతుందేమో అడుగుతానన్నాడు, కానీ ల్యాబుల్లో అవన్నీ ఎప్పుడో పోయాయట. సారు నా నోటుపుస్తకాలు తీసుకొని, పేజీ పేజీకి నంబర్లు వేస్తూ కూర్చున్నారు. "మూడొంతుల పైన దక్కింది తల్లీ" అన్నారు. ఆ దక్కనిదే నా కళ్ల ముందు తిరుగుతున్నది.

పోయిన ఉత్తరంలో నువ్వు రాశావు, "ఆ మాటలతో ఇప్పుడెవరికి పని? ఇక్కడ సాంచాల మీద అందరం హిందీ మాటలే అంటున్నం, నేనే మర్చిపోయిన. నువ్వు నౌకరికి పనికొచ్చే చదువు చదువు" అని. నేను చదువుతున్నాను బాపూ, ఒక్క క్లాసు కూడా మానలేదు. కానీ తాత చెప్పిన ఆ పెద్దోడివి నువ్వే కదా. గంజికుండ పట్టుకొని నువ్వు ముంగట నడిచావు. తర్వాత ఏం చేశావు? ఆ పనికి ఏ మాట, ఆ సామానుకు ఏ పేరు, చలిలో చేతులు ఎట్లా ఉండేవి, తాత నిన్నేమని పిలిచేవాడు, ఎక్కడ తిట్టేవాడు, ఇవన్నీ నీకు తెలుసు. క్యాసెట్టులో ఉన్నవి ఇగ ఎవరూ చదవలేరు. నువ్వు చెప్పగలవు.

ఈ కవరులో పదకొండు తెల్ల కాగితాలు పెట్టాను. నంబర్లు వేశాను. మొదటి కాగితం మీద తాత వాక్యం "వాడు" దాకా రాసి వదిలేశాను. సాంచా ఆగినప్పుడు, టీ తాగేటప్పుడు, ఒక్కొక్క మాట గుర్తొస్తే ఒక్కొక్కటే రాయి. తప్పు పోయినా పరవాలేదు, అక్షరాలు నేను చూసుకుంటాను. అవ్వను కూడా అడుగు, గంజి కాచింది ఆమెనే కదా. వచ్చినవి వచ్చినట్టు పంపు. ఈసారి పాతది చేతిలో పట్టుకొనే కొత్తది అతుకుతాను.

నా మీద కోపం ఉంటే అది కూడా అందులోనే రాయి. తిట్టు పడతాను. రాయకుండా మాత్రం ఉండకు.

పెద్దమ్మ మేడారం బంగారం, అదే బెల్లం, పొట్లం కట్టి ఇచ్చింది. ఆ వైపు వచ్చేవాళ్లు ఉంటే పంపుతాను. సారు నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు. వాడకట్టు పెద్దలందరికీ నా దండాలు, తమ్ముడికి ముద్దులు. నన్ను మనసారా దీవించండి, ఈ పని పూర్తి చేసే ఓపిక రావాలని.

పదకొండు కాగితాల కోసం ఎదురు చూసే,
మీ బిడ్డ
స్వరూప