బీడీల పింఛను ఏ ఆదాయం?

మంగళవారం, రాత్రి

ఇవాళ ఇంటర్ పిల్లలకు జాతీయ ఆదాయానికీ, వ్యక్తిగత ఆదాయానికీ తేడా చెప్పాను. ఉదాహరణ కోసం, ఇంట్లో ఎవరికైనా పింఛను వస్తుందా అని అడిగాను. రజిత సంబరంగా చెయ్యెత్తింది.

"మా అవ్వకు బీడీల పింఛనొస్తది సార్."

"అది మీ అవ్వ ఆదాయమే. దేశం ఆదాయంల మాత్రం లెక్కకు రాదు. పనేం చెయ్యకుంటనే వస్తది గదా," అన్నాను.

"ముప్పై ఏండ్లు బీడీలు చుట్టింది సార్. వేళ్లన్నీ వంకర పోయినయ్."

పుస్తకం ప్రకారం నాది తప్పు కాదు. కానీ ఆ మాట అలా అనాల్సింది కాదు. సర్దుకోవాల్సింది పోయి, "పరీక్షల గిట్లనే రాయాలె, కూసో" అన్నాను.

సాయంత్రం నోట్సులు దిద్దుతుంటే రజితది వచ్చింది. 'మా అవ్వ ఏ పనీ చేయకుండా పొందే పింఛను జాతీయ ఆదాయంలో చేరదు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

ఎర్రపెన్నుతో రైటు కొట్టాను.